శాన్‌ఫ్రాన్సిస్కో కేబుల్ కార్: ఎక్కడ ఎక్కాలి, ఎలా నిలబడాలి

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే బే ఏరియా తెలుగువాళ్లు వీధిలో పట్టాల మీద నడిచే కేబుల్ కార్ ఎక్కించకుండా పంపరు. అందరూ వెళ్లేది పావెల్, మార్కెట్ వీధుల కూడలికే. సెలవు రోజుల్లో అక్కడ క్యూ గంట దాటుతుంది. పెద్దవాళ్లను ఎండలోనో చలిగాలిలోనో అంతసేపు నిలబెట్టడం అనవసరం. అదే బండి రెండో చివర కూడా దొరుకుతుంది.

నడుస్తున్న లైన్లు మూడు: పావెల్-హైడ్, పావెల్-మేసన్, కాలిఫోర్నియా. దృశ్యాల కోసమైతే పావెల్-హైడ్. మార్కెట్ వైపు నుంచి వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చుంటే లాంబార్డ్ వీధి వంపులు ఆ పక్కనే వస్తాయి, హైడ్ దిగుడులో ఎదురుగా సముద్రం, ఆల్కట్రాజ్ దీవి కనిపిస్తాయి. క్యూ తక్కువ కావాలంటే పావెల్-మేసన్ రెండో చివర, అంటే టేలర్, బే వీధుల దగ్గర ఎక్కండి. అన్నిటికంటే తేలిక కాలిఫోర్నియా లైను. ఎంబార్కడెరో బార్ట్ (బే ఏరియా లోకల్ రైలు) స్టేషన్ నుంచి పైకి వస్తే డ్రమ్ వీధి దగ్గరే మొదలవుతుంది. చైనాటౌన్ అంచు, నాబ్ హిల్ మీదుగా వాన్ నెస్ వరకు వెళ్తుంది. ఈ బండ్లకు రెండు చివర్లా నడిపే ఏర్పాటు ఉంటుంది కాబట్టి బండిని వెనక్కి తిప్పే గుండ్రటి పలక, అంటే టర్న్‌టేబుల్, అక్కర్లేదు. పావెల్ బండ్లను మాత్రం చివర్లో సిబ్బంది చేత్తో నెట్టి తిప్పుతారు. ఫొటో తీసుకోండి గానీ సాయం చేద్దామని చెయ్యి వేయకండి, టర్న్‌టేబుల్ మీదకు అడుగు పెట్టకండి.

ఒక్క ప్రయాణానికి ఛార్జీ 2020లో 8 డాలర్లయింది. వెళ్లేముందు ఇప్పటి రేటు ఒకసారి చూసుకోండి. నగదు ఇచ్చేటట్లయితే సరిగ్గా చిల్లర దగ్గర పెట్టుకోండి. బస్సులకూ రైళ్లకూ వాడే క్లిప్పర్ కార్డుతో మామూలు బస్సుకు వచ్చే రెండు గంటల ట్రాన్స్‌ఫర్ ఇక్కడ చెల్లదు, దిగి మళ్లీ ఎక్కితే మళ్లీ పూర్తి ఛార్జీయే. రెండుసార్లు ఎక్కే ఆలోచన ఉంటే మ్యూనిమొబైల్ ఫోన్ యాప్‌లో ఒకరోజు విజిటర్ పాస్‌పోర్ట్ (పర్యాటకుల పాస్) తీసుకోవడం లాభం. కేబుల్ కార్ కలవని చవక డే పాస్ కూడా అక్కడే ఉంటుంది, తొందరలో అది కొనేస్తే ఆ డబ్బు దండగ. క్యూ పక్కన నిలబడి టికెట్లు అమ్మేవాళ్ల దగ్గర మాత్రం కొనొద్దు.

బండికి ఇంజిన్ లేదు. వీధి కింద కాలువలో ఒకటింబావు అంగుళాల మందం ఉన్న ఉక్కు తాడు గంటకు 9.5 మైళ్ల వేగంతో ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. బండి నడిపే గ్రిప్‌మ్యాన్ లివర్ వెనక్కి లాగితే కింద పటకారు లాంటి పట్టు తాడును బిగిస్తుంది, బండి కదులుతుంది. 1873లో ఆండ్రూ హాలిడీ క్లే వీధిలో నడిపిన పద్ధతి ఇదే. లివర్ లాగడానికి గ్రిప్‌మ్యాన్‌కు ఒళ్లంతా వంచే చోటు కావాలి, అందుకే పసుపు గీతల లోపల నిలబడకండి, ఆ క్షణంలో మాట్లాడించకండి. పల్లంలో కాలిన చెక్క వాసన వస్తే కంగారు పడక్కర్లేదు. పట్టాల మీద ఒత్తే డగ్లస్ ఫర్ చెక్క బ్రేకులు అవి, కొద్ది రోజులకే అరిగిపోయి మార్చేస్తారు. ఇవి కాక ఎర్ర లివర్ ఒకటి ఉంటుంది. అది లాగితే ఉక్కు మేకు వీధి మధ్య సందులోకి దిగి ఇరుక్కుంటుంది, ఒక్కోసారి గ్యాస్ కట్టర్‌తో కోసి తీయాలి. పిల్లల చేతులకు అందనివ్వకండి.

ఎక్కేటప్పుడు ఫుట్‌పాత్ మీదే ఉండి చెయ్యి ఊపండి, బండి పూర్తిగా ఆగాకే రోడ్డు మీదకు దిగండి. ఏటవాలు వీధుల్లో బండి కూడలి మధ్యలోనే ఆగుతుంది, ఎందుకంటే ఎత్తులో ఆపితే మళ్లీ లాగడం కష్టం. అంటే దిగేది కార్ల మధ్యలోకి, రెండువైపులా చూసి దిగాలి. ఫుట్‌బోర్డు మీద నిలబడితే స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకోండి, వీపు సంచి తీసి లోపల పెట్టండి, చీర కొంగు దోపుకోండి, చున్నీ ముడి వేయండి. పావెల్ మీద ఎదురు బండి పక్క నుంచి వెళ్లేటప్పుడు మధ్యలో చోటు బాగా తక్కువ. తల, మోచేయి, ఫోన్ పట్టిన చెయ్యి బయటకు చాచితే దెబ్బ తప్పదు. పిల్లల్ని, పెద్దవాళ్లను మూసి ఉన్న లోపలి గదిలో కూర్చోబెట్టండి. స్ట్రోలర్ మడిచే ఎక్కాలి, తిండి తినకూడదు. పెద్ద సూట్‌కేసులతో రావద్దు.

తాడు పోగు ఊడి పట్టుకు చిక్కుకుంటే గ్రిప్‌మ్యాన్ తాడును వదల్లేడు. అందుకే తాళ్లను తిప్పే పవర్‌హౌస్‌లో తాడు ఆపేస్తారు, ఆ లైనులో బండ్లన్నీ ఎక్కడివక్కడే నిలిచిపోతాయి. ఎదురుచూడకుండా 30 నంబర్ బస్సు ఎక్కితే చైనాటౌన్, నార్త్ బీచ్ మీదుగా సముద్రం వైపు చేరవచ్చు. పవర్‌హౌస్ వాషింగ్టన్, మేసన్ వీధుల మూలన ఉంది, దానిలోనే మ్యూజియం, ప్రవేశం ఉచితం. తాళ్లను లాగే భారీ చక్రాలు కళ్లముందు తిరుగుతుంటాయి. బండి ఎక్కకముందే ఇది చూస్తే ప్రయాణం వేరేగా ఉంటుంది.

బసకు యూనియన్ స్క్వేర్ దగ్గరి హోటళ్లు అన్నిటికీ దగ్గర, అయితే పావెల్ వైపు గది తీసుకుంటే గంటల మోత, వీధి కింద తాడు గుయ్యిమనే శబ్దం వినిపిస్తాయి. తేలికగా మెలకువ వచ్చేవాళ్లు వెనక గది అడగండి. సముద్రపు ఒడ్డున ఉన్న ఫిషర్‌మన్స్ వార్ఫ్ దగ్గర ఉంటే ఉదయం 9 లోపు హైడ్, బీచ్ వీధుల టర్న్‌టేబుల్‌కు నడిచి వెళ్లి దాదాపు క్యూ లేకుండా ఎక్కవచ్చు. నాబ్ హిల్ హోటళ్లు బాగుంటాయి గానీ కాలినడక ఎత్తు చూసి తీసుకోండి. సొంత కారు వద్దు. పార్కింగ్ ఖరీదు, సీటు మీద సంచి కనిపిస్తే అద్దాలు పగలగొట్టే ఊరు ఇది. ఫ్రీమాంట్ నుంచి బార్ట్‌లో రావడమే మేలు.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కేబుల్ కార్ మెట్టు ఎత్తు, వీల్‌చైర్ ఎక్కదు. వాళ్లకు మార్కెట్ వీధిలో తిరిగే ఎఫ్ లైను పాత ట్రాములు సరైనవి. 1928 నాటి మిలాన్ ట్రాములు కూడా వాటిలో ఉన్నాయి. మామూలు బస్సు ఛార్జీ, ట్రాన్స్‌ఫర్ చెల్లుతుంది, ముఖ్యమైన స్టాపుల్లో వీల్‌చైర్‌కు ర్యాంపు ఉంటుంది. పిల్లలు కేబుల్ కార్‌లో వస్తే పెద్దవాళ్లు దీనిలో వచ్చి వార్ఫ్ దగ్గర కలుసుకోవచ్చు.