థీమ్ పార్కులో ఉద్యోగం: అమెరికా సీజనా, అబుదాబి కాంట్రాక్టా?

విదేశాల్లో థీమ్ పార్కు ఉద్యోగం వెతికేవాళ్లు చాలామంది పార్కు పేరు చూసి మొదలుపెడతారు. డిస్నీ అంటే ఒక మోజు, ఫెరారీ అంటే ఇంకో మోజు. నన్నడిగితే ముందు చూడాల్సింది వీసా. ఆ తర్వాత, మొదటి జీతం రాకముందు ఖర్చు ఎవరి జేబులోంచి పోతుందో చూడాలి. పని మాత్రం ఎక్కడైనా దాదాపు ఒకటే: పిల్లల ఎత్తు కొలిచి రైడ్ ఎక్కించడం, సేఫ్టీ బార్ సరిగ్గా పడిందో లేదో లాగి చూడటం, క్యూలు నడపడం, ఫుడ్ కౌంటర్లో గంటల తరబడి నిలబడటం, ఊడ్చి తుడవడం. మిక్కీలాంటి వేషాలకు ఆడిషన్లు వేరు. అక్కడ ముఖం ఎవరికీ కనబడదు కాబట్టి ఎత్తుకే విలువ.

అమెరికాలో విద్యార్థులకున్న దారి జే-1 అనే ఎక్స్ఛేంజ్ వీసా కింద నడిచే సమ్మర్ వర్క్ ట్రావెల్ పథకం. సొంత దేశంలో ఫుల్‌టైమ్ కాలేజీ చదువులో ఉండి, కనీసం ఒక సెమిస్టర్ పూర్తి చేసి ఉండాలి. గరిష్ఠంగా 4 నెలలు, అదీ కాలేజీ సెలవుల్లోనే. పార్కు ఉద్యోగం ఇస్తానన్నంత మాత్రాన వెళ్లలేరు. అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ డీఎస్-2019 అనే అర్హత పత్రం ఇస్తేనే వీసా ఇంటర్వ్యూ దాకా వెళ్తారు. విదేశీ విద్యార్థుల వివరాల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు 35 డాలర్లే. అసలు భారమంతా స్పాన్సర్ ఫీజు, వీసా ఖర్చు, రానుపోను టికెట్లది. అవి సాధారణంగా మీరే పెట్టుకోవాలి.

అక్కడ జీతం గంటల లెక్కన. వర్షం పడి జనం పలచబడితే తొందరగా ఇంటికి పంపేస్తారు, ఆ గంటల డబ్బు రాదు. హాస్టల్ అద్దె మాత్రం వానకు తగ్గదు. అందుకే ఇంటర్వ్యూలో గంటకు ఎంతిస్తారన్న ప్రశ్న కంటే వారానికి ఎన్ని గంటలు ఖాయమన్న ప్రశ్న ముఖ్యం. ఇంకో చిన్న సంగతి: జే-1 మీద వచ్చిన విద్యార్థుల జీతంలో ఆదాయపు పన్ను కోస్తారు గానీ, సోషల్ సెక్యూరిటీ (పెన్షన్), మెడికేర్ (వృద్ధుల వైద్య బీమా) కోతలు సాధారణంగా ఉండకూడదు. పే స్లిప్‌లో అవి కనిపిస్తే వెంటనే అడగాలి.

అమెరికాకే ఇంకో దారి క్యూ-1 అనే సాంస్కృతిక మార్పిడి వీసా. 1990 వలస చట్టంతో వచ్చిన దీనికి డిస్నీ వీసా అనే ముద్దుపేరుంది. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్కాట్‌లో 11 దేశాల పెవిలియన్లు, అంటే ఒక్కో దేశం సంస్కృతిని చూపే విభాగాలు, ఉన్నాయి. విదేశీ పెవిలియన్లలో ఆయా దేశాల యువత వచ్చి పనిచేసేలా చూడటం ఈ వీసా ఉద్దేశాల్లో ఒకటి. గడువు 15 నెలల వరకు. అది అయ్యాక మళ్లీ అదే వీసా కావాలంటే ఏడాదిపాటు అమెరికా బయట ఉండాలి. ఈ వీసా మీద భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లడం కుదరదు. మీ దేశానికి అక్కడ పెవిలియన్ లేకపోతే, ఎప్కాట్ వరకు ఈ ఆశ పెట్టుకోకపోవడమే మంచిది.

అబుదాబి లెక్క పూర్తిగా వేరు. యాస్ ఐలాండ్‌లో ఫెరారీ వరల్డ్ 2010లో, వార్నర్ బ్రదర్స్ వరల్డ్ 2018లో, సీవరల్డ్ 2023లో తెరిచారు. మూడూ ప్రధానంగా ఇండోర్ పార్కులే, కాబట్టి సీజన్ గొడవ తక్కువ, ఏడాది పొడవునా పని. విద్యార్థి కావాలన్న షరతు లేదు. వర్క్ పర్మిట్ తీయాల్సింది కంపెనీయే. నియామకం ఖర్చు ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని యూఏఈ 2021 నాటి కార్మిక చట్టమే చెబుతోంది. మధ్యలో ఏజెంటు "వీసా ఛార్జీలు" అన్నాడంటే అక్కడే ఆగండి. విజిట్ వీసా మీద వచ్చి చేరు, తర్వాత మారుద్దాం అన్నా అంతే. ఆ వీసా మీద పనిచేయడం నేరం.

జీతం మీద ఆదాయపు పన్ను లేదు. కానీ ఆఫర్ లెటర్‌లో మొత్తం అంకె చూసి మురిసిపోవద్దు, బేసిక్ ఎంతో చూడాలి. గ్రాట్యుటీ కట్టేది బేసిక్ మీదే: ఏడాది పూర్తయ్యాక, మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున. అలవెన్సుల పేరుతో జీతం పెంచి చూపి, బేసిక్ తక్కువ పెడితే నష్టపోయేది ఇక్కడే. వారానికి 48 గంటలు, గరిష్ఠంగా 6 నెలల ప్రొబేషన్. అంటే పని బరువు తక్కువేం కాదు.

యూరప్ సంగతికొస్తే అడ్డంకి భాష. 1992లో తెరిచిన డిస్నీలాండ్ పారిస్‌లో ఫ్రెంచ్ రాకుండా ముందుకెళ్లడం కష్టం. ఫ్రాన్స్‌లో ఇప్పటికే చదువుతున్న విదేశీ విద్యార్థులకైతే ఏడాదికి 964 గంటల వరకు పనిచేసే వీలుంది, వాళ్లు ప్రయత్నించవచ్చు. ఉద్యోగం కోసమే బయల్దేరేవాళ్లకు ఆ దారి నేను చెప్పను.

ఇంటికి డబ్బు పంపాలన్నా, అప్పు తీర్చాలన్నా నా ఓటు అబుదాబికే. అప్పు చేసి జే-1 మీద వెళ్తే, నాలుగు నెలల జీతం ఆ అప్పు తీర్చడానికే సరిపోయే ప్రమాదముంది. ఇంట్లో ఖర్చు భరించగలిగి, నలుగురు దేశదేశాల వాళ్లతో కలిసి బతకాలన్న ఉబలాటం ఉంటే మాత్రం అమెరికా సీజన్ బాగుంటుంది. రెండూ చేయాలనుకునేవాళ్లు అమెరికానే ముందు పెట్టుకోవాలి. కాలేజీ అయిపోయాక జే-1 సమ్మర్ దారి మూసుకుపోతుంది, అబుదాబిలో ఆ తర్వాతా దరఖాస్తు చేసుకోవచ్చు.