పాత సమాధుల తోటను ఉద్యానవనం చేయాలంటే ఏది మేలు?

బరంపురం, గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు తెలుగువారు తెల్లవారి పాత శ్మశానాన్ని ‘దొరల సమాధులు’ అంటారు. క్రైస్తవ కుటుంబాలవారు మాత్రం తమవారిని పూడ్చిన చోటును ‘సమాధుల తోట’ అనే వ్యవహరిస్తారు. ఆ రెండో పేరును బట్టి చూస్తే శ్మశానంలో తోట అన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. ఈ ఊళ్లున్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అంతకు చాలా ముందే, 1815 ప్రాంతంలో, విషజ్వరాల తాకిడికి జిల్లా కేంద్రం గంజాం పట్టణం నుంచి తరలిపోయింది. ఈస్టిండియా కుంఫిణీ కొలువుకు వచ్చి ఇటువంటి ఊళ్లలో కన్నుమూసినవారిని ఊరి చివర పూడ్చేవారు. ఊళ్లు పెరిగేకొద్దీ ఆ చివర కాస్తా నడిమధ్య అవుతుంది, దాన్ని పార్కు చేయాలన్న మాటా పుడుతుంది.

అప్పుడు ఎదురయ్యే దారులు మూడు. ప్రహరీ కట్టి తాళం వేయడం ఒకటి, రాళ్లను పెకలించి గోడవారగా చేర్చి పచ్చిక పరచడం మరొకటి, రాళ్లను ఉన్నచోటనే ఉంచి వాటి నడుమ తోట పెంచడం మూడోది. ఇంకా ఖననాలు జరుగుతున్న శ్మశానాలకు, వక్ఫ్ ఖబరస్తాన్లకు ఈ చర్చ వర్తించదు.

తాళం వేసి ఊరుకోవడం భద్రమనిపిస్తుంది గాని, కలకత్తా అనుభవం వేరుగా ఉంది. అక్కడ 1767లో మొదలైన దక్షిణ పార్క్ స్ట్రీట్ శ్మశానం, సంస్కృత పండితుడు సర్ విలియం జోన్స్ సమాధితో సహా, చెట్ల నీడలో నేటికీ నిలిచి ఉంది. జనం టికెట్టు కొని చూసి వస్తారు. రోడ్డుకు ఆవలి ఉత్తర పార్క్ స్ట్రీట్ శ్మశానం మాత్రం 1950లలో దాదాపు పూర్తిగా నేలమట్టమై, ఆ స్థలంలో భవనాలు లేచాయి. నూరేళ్లు దాటిన సమాధిస్థలం ప్రాచీన కట్టడం అనిపించుకోగలదని మన 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం చెబుతున్నా, రక్షిత కట్టడమని ప్రకటన వెలువడిన వాటికే ఆ రక్షణ దక్కుతుంది. మిగిలినవాటికి జనం రాకపోకలే కాపలా.

పచ్చిక పరిచే పద్ధతికి ఆకర్షణ ఎక్కువ, ఎందుకంటే పార్కు చూడగానే పార్కులా ఉంటుంది. దాని మంచిచెడ్డలు రెండూ లండన్‌లోని బన్‌హిల్ ఫీల్డ్స్‌లో ఒకే ఆవరణలో కనిపిస్తాయి. 1854లో ఖననాలు ఆగిపోయిన ఆ స్థలాన్ని 1869లో ప్రజల ఉద్యానవనంగా తెరిచారు. దక్షిణ భాగంలో సమాధులు కటకటాల వెనుక కిక్కిరిసి ఉంటే, యుద్ధకాలపు బాంబులకు దెబ్బతిన్న ఉత్తర భాగాన్ని 1960లలో ఖాళీ చేసి పచ్చికగా మార్చారు. 1827లో మరణించిన కవి విలియం బ్లేక్ స్మారకశిల ఆ మార్పుల్లోనే వేరే చోటికి జరిగింది; చుట్టుపక్కల గుర్తులు కూడా పోవడంతో అసలు సమాధి ఎక్కడో తెలియకుండా పోయింది. ఇద్దరు అభిమానులు పాత ఖనన రికార్డులను, కొలతలను పట్టుకుని వెతికి తేల్చాక, 2018 ఆగస్టులో గాని అసలు చోట ఫలకం పడలేదు. అంతటి కవికే అలా జరిగితే, గోపాల్‌పూర్ రేవులో జ్వరంతో పోయిన ఏ ఓడ గుమాస్తా కోసమో వెతికేవారెవరు? గోడకు ఆనించిన రాయి పేరును మాత్రమే చెబుతుంది. ఎవరి పక్కన ఎవరున్నారో, ఒకే వానాకాలంలో ఎందరు పసివాళ్లు పోయారో వరుస చూస్తేనే తెలుస్తుంది.

కనుక నా మొగ్గు మూడో దారికే, అయితే అది సులువని అనను. పచ్చిక కోసే యంత్రం సమాధుల సందుల్లో తిరగదు. చేత్తో పని చేసే తోటమాలి కావాలి, ఇటుక సమాధుల పగుళ్లకు సిమెంటు కాక గానుగ సున్నం పూయగల మేస్త్రీ కావాలి. మన తీరంలో తుపాను లెక్క కూడా ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అటువంటి గాలికి మహావృక్షం కూలితే వేళ్లతో పాటు పక్క సమాధులనూ పెకలించుకుని లేస్తుంది. అందుచేత సమాధుల మధ్య దేవగన్నేరు, నందివర్ధనం, మందారం వంటివే నాటి, పెద్ద చెట్లను ప్రహరీ వైపుకే పరిమితం చేయాలి. పగుళ్లలో మొలిచే రావి మొక్కను లేతగా ఉన్నప్పుడే తీసేయాలి. మునిసిపల్ పార్కు అనగానే వచ్చి చేరే ఓపెన్ జిమ్, ఫౌంటెన్, సెల్ఫీ పాయింటు అన్నింటికీ పునాదులు తవ్వాలి కాబట్టి అవి ఇక్కడ వద్దు. బాటను కూడా తవ్వకుండా, ఇసుక పరిచి దానిపై ఇటుకలు పేర్చి వేయవచ్చు. దీపాలు పెట్టే వేళ దాటితే పిల్లలను అటు పోనివ్వని పెద్దలు మన ఇళ్లలో ఎలాగూ ఉన్నారు గనుక, సాయంత్రం ఆరింటికి గేటు మూస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

తొలి మొక్క నాటకముందే ప్రతి సమాధికీ అంకె ఇచ్చి, పటం గీసి, రాతిమీది అక్షరాలను ఎత్తి రాసుకోవాలి; ఏటవాలు ఎండ రాతిని రాసుకుంటూ పడే ఉదయం పూట వెళితే, మధ్యాహ్నం కంటికి ఆనని అరిగిన పేర్లు కూడా చదవడానికి వీలుగా నీడ తేలి కనిపిస్తాయి.