హిడెన్ వాల్యూమ్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఫైళ్లను పాస్‌వర్డ్‌తో తాళం వేసి దాచే ట్రూక్రిప్ట్ అనే ప్రోగ్రామ్ 2014లో ఆగిపోయినా, దానిలోని హిడెన్ వాల్యూమ్ ఏర్పాటు దాని వారసుడు వెరాక్రిప్ట్‌లో కొనసాగుతోంది. పాత భోషాణంలో దొంగ అర లాంటిదది: ఎవరైనా బలవంతపెడితే పై అర పాస్‌వర్డ్ చెప్పేస్తాం, లోపలి అర మాత్రం ఖాళీ జాగాలోని అర్థంలేని డేటాలో కలిసిపోయి ఏ ఆనవాలూ ఇవ్వదు. ఆరేళ్లుగా నాకు దీని మీద ఎంత మోజో, ఇప్పుడు అంత గుర్రు.

నిరుడు ఆస్తి పంపకాలప్పుడు, మల్కాజిగిరిలోని ఇంట్లో అన్నయ్య నా పక్కన కూర్చుని నా వెరాక్రిప్ట్ కంటెయినర్ (రెండు అరలూ ఉండే ఒకే పెద్ద ఫైలు) తెరవమన్నాడు. లోపలి అరలో నాన్నగారు నాకొక్కడికే రాసిన ఉత్తరాల స్కాన్లు ఉన్నాయి. నేను పై పాస్‌వర్డ్ కొట్టాను; కరెంటు బిల్లులు, పాత రెజ్యూమెలు కనబడ్డాయి. ఆయన తేదీల వరుస చూసి, "అన్నీ 2019వేనేంట్రా? రోజూ తెరుస్తూనే ఉంటావుగా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రే కంగారుగా పై అరలోకి 13 జీబీ పెళ్లి వీడియోలు ఎక్కించాను. మొత్తం 20 జీబీలో చివరి 8 జీబీ లోపలి అరది. మౌంట్ చేసేటప్పుడు, అంటే పాస్‌వర్డ్ కొట్టి ఆ ఫైలును డ్రైవులా తెరిచేటప్పుడు, లోపలి అరకు రక్షణ పెట్టే టిక్కు ఉంది; పెట్టి ఉంటే, హద్దు దాటబోయినప్పుడే రాయడం ఆగిపోయేది. మాన్యువల్ హెచ్చరించింది, నేనే మరిచాను. (ఆ టిక్కుకు లోపలి పాస్‌వర్డ్ కూడా కొట్టాలి కనుక ఎదుటివాళ్ల ముందు పెట్టలేం.) మర్నాడు లోపలి పాస్‌వర్డ్ పనిచేసింది, డ్రైవూ వచ్చింది, ఆపైన విండోస్ దాన్ని ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది; అంటే వీడియోలు లోపలి అరను పాడుచేశాయన్నమాట.

చెల్లెలి ఇంట్లోని హార్డ్ డిస్క్‌లో ఆ కంటెయినర్ ఫైలుకు నాలుగు నెలల కిందటి నకలు ఉండబట్టి ఉత్తరాలు దక్కాయి. అయితే వేర్వేరు తేదీల ప్రతులు రెండు పక్కపక్కన పెట్టి పోలిస్తే, ఖాళీగా ఉండాల్సిన చోట మార్పులు బయటపడతాయి. ఆనవాలు ఇవ్వదని పైన రాసిన మాటను ఒక్క ప్రతి ఉన్నంతవరకేనని చదువుకోవాలి. అప్పుడు కూడా విండోస్ ఇటీవలి ఫైళ్ల జాబితా పట్టివ్వవచ్చు.

ఇంట్లోవాళ్ల ముందు నాకిది చాలు కనుక వాడుతూనే ఉన్నాను. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద డీక్రిప్షన్‌కు (తాళం తీసి చూపడానికి) సహకరించకపోతే 7 ఏళ్ల దాకా జైలు ఉంది కాబట్టి, అధికారుల ముందు దీన్ని నమ్ముకోమని మాత్రం ఎవరికీ చెప్పను. ఇప్పుడు నెలనెలా కొత్త కరెంటు బిల్లు ఒకటి, టిక్కు చూసుకుని మరీ, పై అరలో వేస్తున్నాను.