రెండొందల ఇరవై రూపాయల ఫోన్ స్టాండు, మా ఇంట్లో మూడు జతల కళ్లు

ముందే చెప్పేస్తున్నా, ఇది పేరున్న కంపెనీ స్టాండేమీ కాదు. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మొబైల్ సామాన్ల షాపుల్లో టెంపర్డ్ గ్లాసులూ బ్యాక్ కవర్లూ వేలాడదీసినచోట కింద అట్టపెట్టెలో పడుంటాయి చూడండి, అవే. అడుగున బరువైన గుండ్రటి ఇనప దిమ్మ, దాని మీద రెండుచోట్ల వంగే కాడ, పైన ఫోన్ ఆనించే పలక, జారకుండా నల్ల రబ్బరు. 280 చెప్పాడు, 220కి ఇచ్చాడు. కొని చాన్నాళ్లే అయింది కాబట్టి కొత్త మోజులో రాస్తున్నది కాదిది. ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ ఒకటిన్నర ఎక్కడ పోయిందో కూడా చెప్తాను.

కొన్నది మా గుంటడి కోసం. తొమ్మిదేళ్లు వాడికి. బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడుతున్నాయంటే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. కళ్లలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చోబెట్టి అప్పుడు చూశారు. (పిల్లలకి ఈ చుక్కలు వేయకుండా కంప్యూటర్‌లో ఓసారి చూసి పవర్ రాసిచ్చేచోట కళ్లజోడు చేయించకండి. పిల్లల కంట్లో లెన్సు ఊరికే దగ్గరికి ఫోకస్ అయిపోతుంటుంది, దాంతో లేని మైనస్ కూడా ఉన్నట్టు చూపిస్తుంది.) రెండు కళ్లకీ మైనస్ 1. డాక్టరుగారు కళ్లజోడు రాసి, ఫోన్ ఎంత దూరంలో పట్టుకుంటాడమ్మా అని అడిగారు. ఎవరైనా కొలుస్తారా ఏంటి! ఇంటికొచ్చాక, వాడు మంచం మీద పడుకుని గేమ్ ఆడుతుంటే బట్టలు కొలిచే టేపు తీసుకెళ్లి కంటి పక్కనుంచి స్క్రీన్ దాకా పట్టాను. 18 సెంటీమీటర్లు. వాడు తల కూడా తిప్పలేదు.

ఈ 18 అంటే ఎంతో తెలియాలంటే చిన్న లెక్క ఉంది. వందని సెంటీమీటర్ల దూరంతో భాగిస్తే కన్ను ఎన్ని డయాప్టర్ల (కళ్లజోడు పవర్‌ని కొలిచే లెక్కే) పని చేస్తోందో వస్తుంది. పుస్తకం 40 సెంటీమీటర్లలో ఉంటే రెండున్నర, 33లో ఉంటే 3, 20కి వస్తే 5, మా వాడి 18కి ఐదున్నర దాటింది. దూరం సగమైతే కంటికి పని రెట్టింపు, అంతే. ఆ వయసు పిల్లల కంటికి 12, 14 డయాప్టర్ల దాకా సత్తా ఉంటుంది కాబట్టి వాడికి నొప్పీ తెలీదు, మసకా తెలీదు, అందుకే పిల్లలు చాలామంది తమంతట తాము కళ్లు లాగుతున్నాయని చెప్పరు. నాకు నలభై దాటాయి, అంత దగ్గర పెడితే నాకసలు అక్షరమే కనపడదు.

అలాగని ఫోన్ దగ్గర పెట్టుకోబట్టే సైటు వచ్చింది అని తేల్చేయడానికీ లేదు. మైనస్ అంటే చాలావరకు కనుగుడ్డు ముందునుంచి వెనక్కి పొడవు పెరగడం. పెద్దవాళ్లలో 24 మిల్లీమీటర్లు ఉండేది ఒక్క మిల్లీమీటరు పెరిగితే చాలు, సుమారు రెండున్నర మైనస్ వచ్చి కూర్చుంటుంది. తల్లిదండ్రులకి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువ, మా ఆయనకి మైనస్ 4 ఉంది, ఆ లెక్కలో సగం కేసు వాళ్లింటి మీదే రాయొచ్చు (ఈ మాట ఇంట్లో అన్నాను, పెద్ద గొడవైంది). కానీ దూరానికి సంబంధం లేదనడానికీ లేదు. సిడ్నీలో 12 ఏళ్ల స్కూలు పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. 30 సెంటీమీటర్ల కంటే దగ్గర పెట్టుకుని చదివే పిల్లల్లో, అరగంటకి మించి ఆపకుండా చదివే పిల్లల్లో మైనస్ ఎక్కువగా కనపడింది. అప్పటికి పిల్లల చేతుల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు, పుస్తకాలే. కాబట్టి స్క్రీన్‌ని తిట్టడం కంటే దూరాన్నీ, మధ్యలో ఆపకపోవడాన్నీ పట్టించుకోవడం న్యాయం. ఫోన్ వల్ల జరిగిందల్లా చదివే వస్తువు ఇంకాస్త ముఖం మీదకి వచ్చింది. న్యూయార్క్‌లో పెద్దవాళ్లు ఫోన్ ఎంత దూరంలో పట్టుకుంటారో కొలిచి 2011లో ప్రచురించారు, మెసేజ్ చదివేటప్పుడు సగటున 36 సెంటీమీటర్లు, వెబ్ పేజీ అయితే 32. అచ్చు పుస్తకానికి మామూలుగా 40 అనుకుంటారు. మంచం మీద బోర్లా పడుకున్న తొమ్మిదేళ్లోడి సంగతి ఇక వేరే చెప్పాలా.

స్టాండు దగ్గరికి వచ్చే ముందు బ్లూ కట్ (స్క్రీన్‌లోని నీలం కాంతిని ఆపుతాయని అమ్మే కళ్లజోడు అద్దాలు) సంగతి చెప్పాలి, ఎందుకంటే డబ్బులు ఎక్కడ పెట్టాలో అక్కడే తేలింది. పాలకొండ రోడ్డులో ఒక కళ్లజోళ్ల షాపు, పేరొద్దులెండి. మామూలు అద్దాలైతే 900, బ్లూ కట్ అయితే 1,900 అన్నాడు. నేను ఆలోచిస్తుంటే సొరుగులోంచి ఒక తెల్ల కార్డు, పెన్నులాంటి లేజర్ టార్చి తీశాడు. మామూలు అద్దంలోంచి కొడితే కార్డు మీద ఊదారంగు మచ్చ పడింది. బ్లూ కట్ అద్దం అడ్డం పెట్టి కొడితే పడలేదు. ‘చూశారా మేడం, బాబు కళ్లలోకి రోజూ వెళ్లేది ఇదే’ అన్నాడు. గారడీ బాగానే ఉంది, పక్కన నిలబడ్డావిడ అప్పటికప్పుడు ఇద్దరు పిల్లలకీ ఆర్డర్ ఇచ్చేసింది కూడా. కానీ ఆ రకం టార్చీల్లో వచ్చేది 405 నానోమీటర్ల (కాంతి ఏ రంగుదో చెప్పే కొలత) దగ్గరి ఊదా కాంతి. ఫోన్ స్క్రీన్లలో నీలం ఎక్కువగా ఉండేది 450 దగ్గర, ఈ అద్దాల్లో చాలావాటికి అక్కడికొచ్చేసరికి వదిలేసేదే ఎక్కువ, ఆపేది తక్కువ. 2023లో కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే సంస్థ) వాళ్లు 17 ట్రయల్స్ కలిపి చూస్తే, కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు కళ్ల అలసట తగ్గడంలో వీటికీ మామూలు అద్దాలకీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఇంత చదువు లేకపోయినా ఒక్కటి ఆలోచిస్తే చాలు: వెయ్యి రూపాయలు ఎక్కువ పోసినా ఫోన్ ఆ 18 సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది కదా. మామూలువే తీసుకున్నాను. అతను మొహం మాడ్చుకున్నాడు, అయినా ఫ్రేము వంకర తీసేదాకా నేను కౌంటరు వదల్లేదు.

ఇక స్టాండు. వీడియోలకి బాగుంది. లెక్కల పాఠం పెట్టుకున్నా, కార్టూన్ పెట్టుకున్నా ఫోన్ ఒకచోట నిలబడుతుంది, చేతులు లాగవు, మెడ వంగదు. అయితే స్టాండు ఫోన్‌ని ఆపుతుంది గానీ పిల్లాణ్ని ఆపదు. బల్ల మధ్యలో పెట్టి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి వీడు కుర్చీ ముందుకి లాక్కుని, గెడ్డం బల్లకి ఆనించి, ముక్కు ఫోన్‌కి తగలడమొక్కటే తక్కువ అన్నట్టున్నాడు. తర్వాత చేసిందేంటంటే, బల్లని గోడకి జరిపి స్టాండుని గోడవైపు చివర పెట్టించాను, బల్ల మీద రంగు టేపు ముక్క అంటించి దిమ్మ ఆ గీత దాటి ఇవతలికి రాకూడదన్నాను, ఫోన్‌లో అక్షరాల సైజు రెండు మెట్లు పెంచాను. ఈ మూడోది అన్నిటికంటే బాగా పనిచేసింది. అక్షరం చిన్నగా ఉంటే ఎంత చెప్పినా తల ముందుకే పోతుంది, పెద్దగా ఉంటే వెనక్కి ఆనుకుని కూర్చోవడం వాడికే సుఖం. చేతిలో పట్టుకుని చదివేటప్పుడు మోచెయ్యి బల్ల మీద ఆనించి, పిడికిలి గెడ్డం కింద పెడితే వచ్చేంత దూరమైనా ఉండాలి, అంతకంటే దగ్గరికి రాకూడదు. టేపు అక్కర్లేని కొలత, పిల్లలకి ఆటలా నేర్పొచ్చు.

గేములకి మాత్రం ఈ స్టాండు పనికిరాదు. స్క్రీన్ తాకిన ప్రతిసారీ కాడ ఊగుతుంది, రెండు నిమిషాల్లో ఊడదీసి చేతిలోకి తీసుకుంటాడు, మళ్లీ మంచం, మళ్లీ 18. అక్కడ పోయింది అర మార్కు.

మా నాన్నగారితో వేరే కథ. 68 ఏళ్లు, రోజంతా న్యూస్, మధ్యమధ్యలో గుళ్ల లైవులు. ఆయనకీ మంచిదే కదా అని ఎత్తుగా, ఎదురుగా, చెయ్యి చాచినంత దూరంలో పెట్టిచ్చాను. ‘ఇదేటమ్మా, మంత్రిగారికి మైకు పెట్టినట్టు పెట్టేసినావు, ఏటీ కనపడట్లేదు’ అన్నారు. ఆయన అన్నదే కరెక్టు. చత్వారం అద్దాలు వాడేవాళ్లకి దూరం పెంచుతూ పోవడం కుదరదు. దగ్గర చూపు కోసం దూరపు పవర్ మీద ప్లస్ రెండున్నర కలిపి ఇస్తే, కంటి లెన్సులో సొంత సత్తా దాదాపు పోయిన ఆ వయసులో అది స్పష్టంగా చూపించేది 40 సెంటీమీటర్ల దగ్గరే (వందని రెండున్నరతో భాగించండి, అదే లెక్క తిరగేసి). 60లో పెడితే మసకే. పైగా ఆయనవి బైఫోకల్స్, దగ్గరవి చూసే ముక్క అద్దం అడుగున ఉంటుంది, ఫోన్ కళ్ల ఎత్తులో పెడితే గెడ్డం పైకెత్తి చూడాల్సిందే, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ప్రోగ్రెసివ్ (గీత లేకుండా పైనుంచి కిందికి పవర్ మెల్లగా మారే అద్దాలు) వాడేవాళ్లకీ ఇదే గతి. కాడ పూర్తిగా కిందికి వంచి, ఫోన్ బల్లకి దగ్గరగా, కాస్త వెనక్కి వాలేలా, 40 దూరంలో పెట్టాక కుదిరింది. ఇప్పుడు దాన్ని ఎవరూ కదపకూడదు ఇంట్లో. పిల్లాడికి ఇంకోటి కొనాల్సి వచ్చింది.

నేను వంటింట్లో వాడతాను, చెప్పడానికి పెద్దగా ఏం లేదు. నా బాధ దూరం కాదు, కళ్లు ఎండిపోవడం. మామూలుగా నిమిషానికి పదిహేనుసార్లకి అటూ ఇటూగా రెప్ప వేసేవాళ్లం స్క్రీన్ ముందు అందులో సగానికీ తక్కువ వేస్తాం, దానికి స్టాండేం చేస్తుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతలికి ఇరవై సెకన్లు చూడమంటారు, పొయ్యి మీద కూర మాడకుండా చూసుకునేవాళ్లకి అది ఎలాగూ జరిగిపోతుంది.

అసలు ఈ స్టాండుకి గట్టి పోటీ ఇంట్లో ఉన్న టీవీయే, ఇది నాకు లెక్కేశాక గానీ తట్టలేదు. ఆరున్నర అంగుళాల ఫోన్ 40 సెంటీమీటర్లలో కంటికి ఎంత పెద్దగా కనపడుతుందో, 43 అంగుళాల టీవీ తొమ్మిది అడుగుల దూరంలో సుమారు అంతే కనపడుతుంది. బొమ్మ అంతే, కంటి పని మాత్రం రెండున్నర డయాప్టర్ల నుంచి అర డయాప్టర్ కంటే కిందికి దిగిపోతుంది. అందుకే పిల్లాడి వీడియోలు వీలైనంతవరకూ టీవీకి కాస్ట్ చేసేస్తున్నాం. న్యూస్ కోసం మా నాన్నగారికీ వాడికీ రిమోట్ దగ్గర రోజూ పంచాయితీయే, ఆ టెన్షన్ వేరు.

ఐఫోన్ ఉన్నవాళ్లకి స్టాండు కొనకముందే ఒకటుంది. 2023లో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్ కింద స్క్రీన్ డిస్టెన్స్ అని ఉంటుంది, ముఖం చూసి అన్‌లాక్ అయ్యే మోడళ్లలోనే. 30 సెంటీమీటర్ల కంటే దగ్గరగా కాసేపు ఉంచితే స్క్రీన్ మొత్తం కప్పేసి, దూరం జరిపితే గానీ కొనసాగనివ్వదు. మా మరిది ఫోన్‌లో ఆన్ చేసి మా వాడికి ఇస్తే వాడి పంచప్రాణాలూ పోయాయి. అమ్మ చెప్తే వినని మాట ఫోన్ చెప్తే వింటారు. గేములకి స్టాండు చేయలేని పని ఇది చేస్తుంది.

ఇంకో విషయం, రివ్యూలో ఇది ఎందుకు అంటారేమో గానీ చెప్పాల్సిందే. దూరం, విరామం అన్నీ సరే, చిన్నపిల్లలకి సైటు రాకుండా ఆపడంలో ఇప్పటిదాకా గట్టిగా నిలబడింది ఆరుబయట గడపడం. చైనాలో గ్వాంగ్‌జౌ స్కూళ్లలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ 40 నిమిషాలు అదనంగా బయటికి పంపి మూడేళ్లు చూశారు. కొత్తగా మైనస్ వచ్చినవాళ్లు బయటికి పంపినచోట సుమారు 30 శాతం, పంపనిచోట 39 దాటారు. 2015లో వచ్చిందిది. గదిలో ట్యూబులైటు కింద కొన్ని వందల లక్సులే (లక్సు అంటే వెలుతురు కొలత), బయట చెట్టు నీడలో కూడా వేలల్లో ఉంటుంది. కళ్ల జబ్బులు పోవాలని అరసవల్లి వెళ్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకునే ఊరు మనది, పిల్లల్ని మాత్రం నల్లబడిపోతారని గదిలో కర్టెన్లు వేసి కూర్చోబెడతాం. సూర్యుడి వైపు చూడమని కాదండోయ్, బయట ఆడుకోనివ్వమని. మే నెల మధ్యాహ్నం కాకుండా పొద్దున్నో సాయంత్రమో. మైనస్ వచ్చేసినవాళ్లకి ఇది అంతగా పనిచేస్తుందని ఇంకా తేలలేదు గానీ, మా చెల్లి కూతురికి ఐదేళ్లు, దాన్ని మాత్రం సాయంత్రమైతే వీధిలోకి తోలేస్తున్నాం.

కొనేవాళ్లకి మిగతా సంగతులు. వంగేచోట బిగువు కొన్నాళ్లకి వదులైపోతుంది, పెద్ద ఫోన్ పెడితే మెల్లగా తల వాల్చేస్తుంది, ఇక్కడ ఇంకో అర మార్కు. పెట్టెలో చిన్న ఎల్ ఆకారం తాళంలాంటిది ఇస్తాడు, పారేయకండి, దాంతో బిగించుకోవచ్చు. మూడో అర మార్కు చార్జింగ్‌ది, ఫోన్ నిలువుగా పెడితే కింద పిన్ను పెట్టే చోటు పలకకి తగులుతుంది, మధ్యలో చీలిక ఉన్న మోడల్ అడిగి తీసుకోండి, ధర అంతే. ప్లాస్టిక్‌వి నూటయాభైకే వస్తాయి గానీ దిమ్మ తేలిగ్గా ఉండి ఫోన్ బరువుకి ముందుకి పడతాయి. మంచానికి బిగించుకునే పొడుగు మెడ స్టాండు కూడా చూపిస్తాడు, నాలుగొందల దాకా ఉంటుంది, చూడ్డానికి భలే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అది వద్దు. పడుకుని చూడటానికి చేసిందది, ఎటు కావాలంటే అటు వంగుతుంది, వాళ్లు మొదట చేసే పని దాన్ని మొహం మీదకి వంచుకోవడమే.