క్యాబ్ ఓటీపీ చెప్పే ముందు నంబరు ప్లేటు ఫొటో తీసుకోండి

గత నెలలో ఒక రాత్రి పదకొండు గంటలకు, గచ్చిబౌలి నుంచి నాగోలుకు రావలసిన మా చెల్లెలి కోసం యాప్‌లో క్యాబ్ బుక్ చేశాను. యాప్ చూపిన నంబరు ఒకటి, ఎదుట ఆగిన బండిది మరొకటి. ఫొటోలో నడివయసు మనిషి ఉంటే స్టీరింగు దగ్గర ఇరవై ఏళ్ల కుర్రవాడు ఉన్నాడు. "అన్న బండి సర్వీసింగుకు ఇచ్చాడు మేడమ్, ఓటీపీ చెప్పండి" అంటే, వాన కూడా పడుతుండడంతో ఆమె ఎక్కేసింది. ఆరాంఘర్ దాటాక అతడు మ్యాపు చూపిన దారి వదిలి సందుల్లోకి తిప్పాడు, ఎంత చెప్పినా ఆపలేదు. ఒక పెట్రోలు బంకు దగ్గర బండి నెమ్మదించగానే ఆమె దిగి లోపలికి పరుగెత్తింది.

క్యాబ్ కంపెనీకి ఫిర్యాదు చేస్తే, మూడు రోజులకు జవాబు వచ్చింది: డ్రైవర్లు తమ ఉద్యోగులు కారు, స్వతంత్ర భాగస్వాములు, తమది సాంకేతిక వేదిక మాత్రమే. దానితోపాటు వాలెట్‌లో 486 రూపాయలు వేశారు. ఓటీపీ చెప్పిన క్షణం నుంచి యాప్ రికార్డు ప్రకారం మా చెల్లెలు ప్రయాణించింది ఆమె కంటికి కూడా కనబడని బండిలో. అసలు బండి నంబరు ఎవరి దగ్గరా లేదు.

ఈ జవాబు కోర్టులకు కొత్త కాదు. 2018లో బెంగళూరులో ఓలా క్యాబ్‌లో డ్రైవరు లైంగికంగా వేధించాడని ఒక మహిళ ఫిర్యాదు చేస్తే, డ్రైవరు తమ ఉద్యోగి కాడంటూ కంపెనీ అంతర్గత కమిటీ విచారణకు ఒప్పుకోలేదు. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద అతడు ఉద్యోగే అవుతాడని, ఆమెకు 5 లక్షల రూపాయలు చెల్లించాలని కర్ణాటక హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2024 సెప్టెంబరు 30న తీర్పు చెప్పింది, కానీ అక్టోబరులోనే ద్విసభ్య ధర్మాసనం దాని అమలును నిలిపివేసింది. బ్రిటన్ సుప్రీంకోర్టు మాత్రం, ఛార్జీ నిర్ణయించేదీ రేటింగులతో డ్రైవర్లను అదుపు చేసేదీ కంపెనీయే కాబట్టి ఉబర్ డ్రైవర్లు కనీస వేతనానికి, జీతంతో కూడిన సెలవులకు అర్హులైన వర్కర్లేనని 2021 ఫిబ్రవరి 19న తేల్చింది. డ్రైవర్లందరి మీదా నాకు కోపం లేదు. వాళ్లకు పీఎఫ్ ఎగ్గొట్టడానికి పనికొచ్చే మాటే మనకు జవాబు ఎగ్గొట్టడానికీ పనికొస్తోంది.

కాబట్టి నంబరు, ముఖం రెండూ సరిపోలనిదే ఓటీపీ చెప్పకండి. ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపండి. ఏమైనా జరిగితే యాప్‌లోని సహాయ విభాగం కన్నా ముందు 112కు ఫోన్ చేయండి. వాలెట్‌లో వేసిన సొమ్ముతో ఫిర్యాదు పరిష్కారమైందని ఒప్పుకోకండి. కంపెనీ కార్యాలయం ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోగా కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు కూడా లేదు.

మా ఫిర్యాదు సిద్ధమైంది. బండి నంబరు రాయాల్సిన చోటు మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.