ఆషాఢంలో థాయ్‌లాండ్ పంపిన ట్రావెల్స్ వాళ్లకి నా మార్కులు

వైజాగ్ ఎంవీపీ కాలనీలో నాకు చిన్న టైలరింగ్ బొటిక్ ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఊపిరాడదు. షాపుకి తాళం వేసి ఎటైనా వెళ్లాలంటే మూఢమైనా రావాలి, ఆషాఢమైనా రావాలి. ఆషాఢమంటే జులై, వర్షాకాలం. వానల్లో టూర్ ఏమిటని బంధువులంతా అడిగారు గానీ నాకు దొరికేదే ఆ నెల. నాలాగే సీజన్ చూసుకుని కాకుండా సెలవు చూసుకుని వెళ్లేవాళ్ల కోసం ఈ రివ్యూ.

ద్వారకానగర్‌లో ఒక పాత కాంప్లెక్స్ రెండో అంతస్తులో ఉంటుంది వీళ్ల ఆఫీసు. రిఫండ్ లెక్క ఒకటి ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. అంతకుముందు వేరే రెండు చోట్ల కనుక్కుంటే బడ్జెట్ ఎంతని అడిగి, ఫుకెట్ ఫొటోలు వాట్సాప్‌లో పంపేశారు. నీలం నీళ్లు, తెల్ల ఇసుక. అవి ఏ నెలలో తీసినవో ఎవరూ చెప్పరు. ఇక్కడ కూర్చున్న అబ్బాయి మాత్రం ముందు "ఏ నెలలో వెళ్తారు మేడం?" అన్నాడు. జులై అనగానే ఫుకెట్ బ్రోషర్ తీసి డ్రాయర్‌లో పెట్టేసి, మ్యాప్ పరిచాడు. నా మార్కుల్లో సగం అక్కడే వేసేశాను.

అతను చెప్పింది ఇదీ. థాయ్‌లాండ్ దక్షిణాన భూమి సన్నగా తోకలా దిగుతుంది. దానికి పడమర వైపు ఫుకెట్, క్రాబీ. తూర్పు వైపు కో సముయి. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులు పడమటి ఒడ్డునే కొడతాయి. అక్కడ వానతో పాటు అలలు కూడా పెద్దవి. బీచ్‌ల్లో ఎర్ర జెండాలు పెడతారు, సిమిలన్ దీవుల పార్కునైతే మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసే ఉంచుతారు. మధ్యలో కొండలు అడ్డం ఉండటం వల్ల తూర్పున సముయికి ఆ దెబ్బ తక్కువ. అక్కడి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అన్నిటికన్నా ఎక్కువ నవంబరులో.

మా మామయ్యగారు పోర్టులో చేసి రిటైరయ్యారు. ఆయన ఆ మ్యాప్ ఒక్కసారి చూసి, "మనకీ అంతే కదమ్మా, కేరళ మునిగిపోయే జులైలో మద్రాసులో ఎండలు, మన తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచే" అన్నారు. నిజమే, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. దసరా దాటాక ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న వార్త లేకుండా మనకి ఏ ఏడాదీ గడవదు. ఇంత సంగతి తెలిసిన మనమే విదేశమనేసరికి "వర్షాకాలం" అంటే దేశమంతా ఒకేసారి కురిసేదని ఎందుకు అనుకుంటామో!

సముయి వరకూ వీళ్ల ఏర్పాట్లకి వంక పెట్టలేను. రోజులో ఒక జల్లు, ఎక్కువగా సాయంత్రం పూట, అరగంటలో వెలిసిపోయేది. డోన్‌సాక్ రేవు నుంచి దీవికి స్పీడ్‌బోటు కాకుండా కార్లు కూడా ఎక్కించే పెద్ద ఫెర్రీ బుక్ చేశారు. గంటన్నర పడుతుంది గానీ అలల్లో పెద్దగా ఊగదు. అత్తయ్యకి బస్సులోనే వాంతులవుతాయని బుకింగ్ రోజు మాటవరసకి అన్నాను. ఆ అబ్బాయి గుర్తుపెట్టుకుని ఫెర్రీ ఇచ్చాడు. మామయ్యగారు రేవులో తాళ్లు కట్టే పద్ధతి చూస్తూ మమ్మల్ని మరిచిపోయారు.

ఇన్సూరెన్స్ గురించి కూడా సూటిగా చెప్పాడు. తుపాను వస్తోందని ప్రకటించాక కొన్న పాలసీలో ఆ తుపాను నష్టం మామూలుగా రాదట, అందుకే టికెట్లతో పాటే తీసుకోమన్నాడు. డెంగీ దోమ పగటిపూటే కుడుతుందని గుర్తు చేసి, ఒంటికి రాసుకునే క్రీమ్ సాయంత్రానికి దాచుకోవద్దన్నాడు. మన ఊళ్లో ఇది కొత్త విషయమేమీ కాదు.

ఇక ప్రయాణానికి ముందు వీళ్లిచ్చే కాగితం. 'తేలికైన కాటన్ దుస్తులు తెచ్చుకోండి' అని ఉంది అందులో. రాసినవాళ్లు ఎవరో గానీ వానలో బట్ట ఉతికి ఆరేసిన మనిషి కాదు. కాటన్ ఎండకి మంచిది. తడిస్తే మాత్రం నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, గాల్లో తేమ ఉన్నచోట ఒక రాత్రికి ఆరదు, ఏసీ గదిలో కుర్చీ మీద ఆరేస్తే తెల్లారేసరికి వాసన. పొందూరు ఖద్దరంటే నాకు ప్రాణం, అయినా ఇంట్లోనే వదిలి వెళ్లాను. జార్జెట్, క్రేప్, పాలిస్టర్ కలిసిన కుర్తీలు పెట్టుకున్నాను. పిండి హ్యాంగర్‌కి తగిలిస్తే ఫ్యాన్ గాలికే ఆరాయి. లైనింగ్ ఉన్న కుర్తీ వద్దు, పైబట్ట ఆరినా లోపలిది ఆరదు. జీన్స్ అసలే వద్దు. మా అమ్మాయి వినలేదు, రెండు జీన్స్ తెచ్చింది, అవి తడిగానే సూట్‌కేసెక్కి తడిగానే వైజాగ్ చేరాయి. రంగు దిగే బాందినీ చున్నీలూ, కొత్త కలంకారీలూ కూడా వద్దు. హోటల్ తెల్ల దుప్పటి మీద మరక పడితే బిల్లు మీదే. చెప్పులు తోలువి కాకుండా వెనక పట్టీ ఉన్న రబ్బరువి. గుళ్ల దగ్గర విప్పడం, తొడగడం కూడా సులువు. ఈ పేరా అంతా ప్రింటు తీసి వాళ్ల కాగితంలో పెట్టుకోమని చెప్పి వచ్చాను.

కాగితంతో పాటు మనిషికో గొడుగు, ఫోనుకి ప్లాస్టిక్ పౌచ్ ఇస్తారు. పౌచ్ బాగుంది. గొడుగు మొదటి గాలికే తిరగబడింది. అక్కడ ఏ సెవెన్ ఎలెవెన్‌లోనైనా పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు చవగ్గా దొరుకుతాయి, బైకుల మీద వెళ్లేవాళ్లంతా వేసుకునేవి అవే.

బ్యాంకాక్‌లో దెబ్బతిన్నాం. "స్టేషన్‌కి అయిదు నిమిషాల నడక" అని ఇచ్చిన హోటల్ ఒక సందు చివర ఉంది. ఎండలో అయితే అయిదు నిమిషాలే. మేం దిగిన సాయంత్రం గట్టి వాన పడి, జ్ఞానాపురం అండర్‌బ్రిడ్జి కింద నిలిచినట్టు ఆ సందులో నీళ్లు నిలిచాయి. సూట్‌కేసు చక్రాలు ఏం పనికొస్తాయి? మా ఆయన రెండు పెట్టెలు నెత్తిన పెట్టుకున్నారు. పల్లపు నగరమనీ, సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకా ఎక్కువ కురుస్తుందనీ వీళ్లకి తెలియదా? సముయికి అంత మ్యాప్ పరిచిన మనిషి ఇక్కడ హోటల్ వాకిలి ముందు రోడ్డు ఎత్తు అడగలేదు. ఫోన్ చేస్తే వెంటనే ఎత్తాడు, మర్నాడు స్టేషన్ పక్కనే ఉన్న హోటల్‌కి మార్చాడు, తేడా డబ్బు అడగలేదు. అందుకే పూర్తిగా కోసేయకుండా ఒక మార్కు తగ్గించి ఊరుకుంటున్నాను.

పండగ తేదీ కూడా చూసి ఉండాల్సింది. మేం అక్కడ ఉండగానే ఆషాఢ పౌర్ణమి వచ్చింది. ఇక్కడ సింహాచలం గిరి ప్రదక్షిణ తప్పిపోయిందని అత్తయ్య దిగులు. అక్కడేమో బౌద్ధులకి పెద్ద పండగ, మర్నాటి నుంచి భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఒకే విహారంలో ఉండిపోతారు. మన దగ్గర పాత బౌద్ధ విహారం ఉన్న తొట్లకొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు చూసిన ప్రతిసారీ అక్కడ ఎవరుండేవారా అనుకునేదాన్ని. కొవ్వొత్తులు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతున్న జనాన్ని చూసి అత్తయ్య తనూ ఒక కొవ్వొత్తి కొనుక్కుని మూడు చుట్లు తిరిగేశారు. దిగులు తీరింది. ఆ రెండు రోజులూ మామూలు షాపుల్లో మందు అమ్మరని మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆ దిగులు మా ఆయనది.

రిఫండ్ సంగతి: సముయి దగ్గరి ఆంగ్ థాంగ్ దీవుల పడవ ట్రిప్ గాలి ఎక్కువగా ఉందని పడవవాళ్లే రద్దు చేశారు. మంచిపనే చేశారు, ఆర్‌కే బీచ్‌లో అలలకి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు చదివే ఊరు మనది. డబ్బు అక్కడివాళ్లు వీళ్లకి పంపేశామంటున్నారు, వీళ్లు ఇంకా రాలేదంటున్నారు. బుక్ చేసేటప్పుడే రద్దయితే ఎవరు, ఎన్ని రోజుల్లో ఇస్తారో రాయించుకోండి. వానాకాలంలో పడవ ట్రిప్‌కి ఇది తప్పనిసరి.

ఆన్‌లైన్‌లో నేను చూసిన ధర కంటే తలకి మూడు, నాలుగు వేలు ఎక్కువే తీసుకున్నారు. అయిదుకి మూడున్నర. ఆ డబ్బు తిరిగొస్తే నాలుగు చేస్తాను. ఈలోగా మా వదిన వాళ్లు దసరా సెలవులకి వియత్నాంలో డా నాంగ్ వెళ్దామని ఈ ట్రావెల్స్ ఆఫీసుకే వెళ్లారు. అక్టోబరులో అక్కడ వరదల కాలమని చెప్పి, ఇంకా ఎండలుండే బాలికి మళ్లించాడట ఆ అబ్బాయి. హోటల్ వాకిలి ముందు నీళ్లు నిలుస్తాయా అని ఈసారి వదినే అడిగింది, నేను చెప్పి పంపాను.