నడిచిన కంపెనీ సామానా, కొత్త లోకల్ సామానా: హెడ్ పనికి ఏది మేలు?

ఇంజన్ హెడ్ (వాల్వ్‌లు ఉండే పైభాగం) విప్పాక మెకానిక్ చెప్పిన లెక్క విని పుత్లీబౌలీ, గౌలీగూడ దుకాణాల వైపు బయల్దేరేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేం కాదు. అక్కడ మూడు ధరలు వినిపిస్తాయి. కొత్త కంపెనీ సామానుది ఒకటి, కొత్త లోకల్ సామానుది ఒకటి, వేరే ఇంజన్‌లోంచి విప్పిన కంపెనీ సామానుది ఇంకొకటి. చేతిలో డబ్బుంటే మొదటిదే తీసుకోండి, అందులో చర్చేమీ లేదు. తగువంతా మిగతా రెండింటి మధ్యే. "పాతదైనా ఒరిజినల్ ఒరిజినలే" అని కొందరు, "ఎవడో వాడి పడేసింది మనకెందుకు" అని కొందరు.

ఇద్దరూ హెడ్‌లో ఉన్న సామానంతటికీ కలిపి ఒకే తీర్పు చెప్పేస్తారు. నాకు నచ్చనిది అదే. వాల్వ్‌లను తెరిపించే క్యామ్ షాఫ్ట్ సంగతి వేరు, వాటిని తిరిగి మూసే వాల్వ్ స్ప్రింగ్ సంగతి వేరు. తయారీలోనే లోపం జరిగి ఉంటే అది ఆ ముక్కలో ఎక్కడ ఉంటుంది, మన కంటికో కొలతకో చిక్కుతుందా అన్నది చూడాలి. చిక్కే రకమైతే నడిచిన కంపెనీ సామానే మేలు. చిక్కనిదైతే కొత్తదే కొనాలి. (ఆర్‌ఎక్స్ 100 వాళ్లకు ఈ టెన్షన్ లేదు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్యామ్‌లూ, వాటి కదలికను వాల్వ్‌లకు అందించే రాకర్‌లూ ఉండవు, అదృష్టవంతులు.)

నడిచిన సామానుకు ఎవరూ లెక్కలోకి తీసుకోని సుగుణం ఒకటుంది. పుట్టుకతో లోపమున్న ముక్కల్లో చాలా భాగం చిన్న వయసులోనే బయటపడతాయి. 2024లో ఫోర్డ్ కంపెనీ అమెరికాలో సుమారు 90 వేల బండ్లను వెనక్కి పిలిచింది. వాటి 2.7, 3.0 లీటర్ల టర్బో ఇంజన్లలో గాలిని లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్‌లు కొన్ని, తయారీలో వేడి మితిమీరడం వల్ల మరీ గట్టిపడి పెళుసుబారాయి. అలాంటివి ఎక్కువగా తొలి 20 వేల మైళ్లలోపే, అంటే దాదాపు 32 వేల కిలోమీటర్లలోపే విరుగుతాయని తేలింది. ఈ లెక్కన 60 వేల కిలోమీటర్లు తిరిగిన వాల్వ్ ఆ గండం దాటేసినట్టే. కొత్త లోకల్ వాల్వ్ ఇంకా పరీక్షకే కూర్చోలేదు.

కానీ దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2018లో సుబారు దాదాపు 4 లక్షల కార్లను వాల్వ్ స్ప్రింగ్‌ల కోసం వెనక్కి పిలిచింది. అవి 2012, 2013 ప్రాంతాల్లో తయారైన బండ్లు. స్ప్రింగ్ లోహంలో చిక్కుకున్న కంటికి కనపడని మలినాల దగ్గర బలం తగ్గి, స్ప్రింగ్ విరిగే ప్రమాదం ఉందన్నారు. ఏళ్ల తరబడి బాగా నడిచిందని స్ప్రింగ్‌ను నమ్మడానికి లేదన్నమాట. వాల్వ్‌కు పనికొచ్చిన వాదన స్ప్రింగ్‌కు పనికిరాదు.

ముందు క్యామ్ షాఫ్ట్ చూద్దాం. నడిచిన సామానులో ధైర్యంగా కొనదగ్గది ఇదే. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద చూడొద్దు, ఎండలోకి తెచ్చి ఏటవాలుగా తిప్పండి. లోబ్‌ల (షాఫ్ట్ మీద గుడ్డు ఆకారంలో పొడుచుకొచ్చిన భాగాల) మధ్య గరుకుగా, ఇసుక అంటినట్టు ఉండే చోటు పోత పోసినప్పటిది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. అక్కడ చిన్న గుంట ఉన్నా నష్టం లేదు. చూడాల్సింది మెరిసే లోబ్ ముఖం. అక్కడ గుంట కనిపిస్తే గోరుతో గీరి, పదింతలు పెద్దగా చూపించే చిన్న భూతద్దం పెట్టి చూడండి. అంచు గుండ్రంగా, లోపల నున్నగా ఉంటే అది పోతలో గాలి బుడగ మిగిల్చిన రంధ్రం, అంటే తయారీ లోపం. అంచులు చెక్కినట్టు, పదునుగా, లోబ్ ముక్కు (కొన) దగ్గర గుంపుగా ఉంటే అది నడకలో పెచ్చులూడింది. రెండింట్లో ఏదైనా సరే, లోబ్ ముఖం మీద ఉంటే ఆ షాఫ్ట్ వద్దు. తేడా ఎందుకు తెలుసుకోవాలంటే, బుడగ రంధ్రమైతే అదే పోతలో ఇంకొన్ని దాగి ఉండొచ్చు, మిగతా లోబ్‌లను మరింత జాగ్రత్తగా వెతకాలి.

తర్వాత రంగు. లోబ్ మీద గోధుమ రంగో నీలమో మచ్చలుంటే థిన్నర్ ముంచిన గుడ్డతో తుడవండి. పోతే అది కాలిన ఆయిల్ పొర. పోకపోతే లోహమే ఎక్కడో వేడికి కాలింది. గ్రైండింగ్‌లో కాలినా, ఆయిల్ అందక నడకలో కాలినా అక్కడ గట్టితనం పోయి ఉంటుంది. దాన్ని వదిలేయండి.

ఇక మైక్రోమీటర్, అంటే సన్న కొలతలు తీసే పనిముట్టు. మాన్యువల్ లేకపోయినా ఫర్వాలేదు. ఇన్‌లెట్ లోబ్‌ల ఎత్తులన్నీ ఒకదానితో ఒకటి, ఎగ్జాస్ట్‌వి (పొగను బయటికి పంపే వాల్వ్‌లవి) ఒకదానితో ఒకటి పోల్చండి. మూడు సిలిండర్ల మారుతి 800 షాఫ్ట్ అయితే మూడూ మూడూ. అన్నీ కొద్దికొద్దిగా అరిగి ఉంటే అది వయసు. ఐదు బాగుండి ఒక్కటే స్పష్టంగా తక్కువుంటే రెండే కారణాలు: దానికి ఆయిల్ అందలేదు, లేదంటే ఆ ఒక్క లోబ్ తయారీలో సరిగా గట్టిపడలేదు. రెండో అనుమానం ఉంటే లోబ్ పక్క అంచు మీద (నడిచే ముఖం మీద కాదు) సన్న ఆకురాయితో మెల్లగా ఒకసారి రాయండి. గట్టి లోహం మీద ఆకురాయి జారిపోతుంది, మెత్తని చోట పట్టుకుంటుంది. ఈ పరీక్షలేవీ కొత్త లోకల్ షాఫ్ట్‌కు ఇంత బాగా పనిచేయవు. దాని ఎత్తులన్నీ ఈ రోజు సమానంగానే ఉంటాయి, పైన నల్లటి ఫాస్ఫేట్ పూత ఉంటే లోపలి మచ్చలు కనపడవు. మెత్తటి లోబ్ ఉందని మీ ఇంజన్‌లో అరిగాకే తెలుస్తుంది. అందుకే ఇక్కడ నా ఓటు నడిచిన దానికే. ఒక్క షరతు: రోలర్ లేని టాపెట్లు (లోబ్ మీద నడుస్తూ దాని తోపును వాల్వ్ వైపు పంపే ముక్కలు) ఉన్న ఇంజనైతే, పాత బుల్లెట్‌లా, ఏ లోబ్ మీద ఏ టాపెట్ నడిచిందో అదే జతగా రావాలి. జత తప్పితే షాఫ్ట్ ఎంత మంచిదైనా రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

రాకర్‌ల విషయం త్వరగా తేలుతుంది. ఉక్కు రాకర్ అయితే నడిచినదే మేలు: అరుగుదల క్యామ్‌కు రాసుకునే మెత్త (ప్యాడ్) మీద కనిపిస్తుంది, రోలర్‌లో లూజు వేలికి తెలుస్తుంది. అల్యూమినియం పోత రాకర్ అయితే మెడ దగ్గర వంపును బాగా చూడాలి. పోతలో రెండు లోహ ప్రవాహాలు కలిసీ కలవని చోట సన్న ముడతలా ఉంటుంది, పగులు అక్కడే మొదలవుతుంది. అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత మాత్రం నిటారుగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. దాన్ని చూసి పగులని భయపడి మంచి రాకర్‌ను వదులుకునేవాళ్లున్నారు.

వాల్వ్‌లు రెండు రకాలుగా విడిపోతాయి. ఇన్‌లెట్‌కు కొత్త పెట్రోల్ గాలి తగిలి చల్లగా ఉంటుంది, కాబట్టి కాడ వంకర లేకుండా, కొలత సరిగ్గా ఉంటే నడిచినది వాడొచ్చు. కాటర్లు (కాడను స్ప్రింగ్‌తో పట్టి ఉంచే చిన్న ముక్కలు) కూర్చునే గాడినీ తల కింద వంపునూ భూతద్దంతో చూడండి, అక్కడ టూల్ గీసిన పదునైన గీత ఉంటే వద్దు. ఎగ్జాస్ట్ వాల్వ్ కథ వేరు. చాలావాటిలో తల ఒక లోహం, కాడ ఇంకో లోహం, రెండింటినీ రాపిడి వెల్డింగ్‌తో కలుపుతారు. చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. తల వైపు అంటుకోదు, కాడ వెంట జరుపుతూ పోతే ఒకచోట టక్కున అంటుకుంటుంది. అతుకు అక్కడే. ఆ అతుకు లోపల ఎలా ఉందో ఏ భూతద్దమూ చెప్పదు, పైగా ఆ ముక్క ఎర్రగా కాగుతూ ఎన్ని గంటలు నడిచిందో మనకు తెలియదు. తల విరిగి పిస్టన్ మీద పడితే ఆదా చేసిన డబ్బుకు ఎన్నో రెట్లు సిలిండర్ బోర్ పనికి పోతుంది. కంపెనీది కొనలేకపోతే ఎగ్జాస్ట్‌కు మాత్రం పేరున్న బ్రాండ్ కొత్త వాల్వ్ వేయించండి, నడిచినది వద్దు. లోపల సోడియం నింపిన బోలు వాల్వ్ చేతికొస్తే దాన్ని కోయడం, వేడిచేయడం లాంటి ప్రయోగాలు అసలే వద్దు. సోడియానికి నీరు తగిలితే మండుతుంది.

స్ప్రింగ్‌కు ఒక చిన్న లెక్క. ఇంజన్ 4000 ఆర్‌పీఎంలో తిరిగితే ప్రతి వాల్వ్ నిమిషానికి 2000 సార్లు, గంటకు లక్షా 20 వేల సార్లు తెరుచుకుంటుంది. వెయ్యి గంటలు నడిస్తే 12 కోట్ల సార్లు. స్ప్రింగ్ అలసటకు అసలు లెక్క అది. పొడవు కొలిచి, మట్టం బల్ల మీద నిలబెట్టి వంకర చూసి పాస్ చేయడం కుదరదు, ఎందుకంటే అలసట పొడవులో కనపడదు. తీగ మీద వెంట్రుకంత గీత, తుప్పు చుక్క చాలు విరగడానికి. స్ప్రింగ్‌లు, కాటర్లు, రిటైనర్లు (స్ప్రింగ్ పైన కూర్చునే బిళ్లలు) సెట్టుగా కొత్తవే. ఆయిల్ ఒత్తిడితో సందును సర్దుకునే హైడ్రాలిక్ టాపెట్లు కూడా అంతే, లోపలి బంతి వాల్వ్ ఎలా ఉందో పైనుంచి తెలియదు.

ఇక పగులు వెతికే పద్ధతుల్లో ఏది మేలు? కుండ కొనేముందు వేలితో కొట్టి చూసినట్టు షాఫ్ట్‌నో వాల్వ్‌నో దారానికి కట్టి చిన్న సుత్తితో కొట్టి వినడం పాత పద్ధతి. మొద్దుగా మోగితే పక్కన పెట్టొచ్చు గానీ, ఖంగున మోగినంత మాత్రాన పాస్ చేయకండి. నమ్మదగ్గది డై పరీక్ష. వెల్డింగ్ సామాన్లమ్మే దుకాణాల్లో మూడు స్ప్రే డబ్బాల సెట్టు దొరుకుతుంది. శుభ్రం చేసి, ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలకు పైగా ఆగి, పైరంగు గుడ్డతో తుడిచి, తెల్ల పొడి కొడితే పగుల్లోంచి ఎర్ర గీత పైకొస్తుంది. ఉక్కు మీదా అల్యూమినియం మీదా పనిచేస్తుంది. రంగును గుడ్డతోనే తుడవాలి, క్లీనర్ నేరుగా చల్లితే పగుల్లో ఉన్న రంగు కూడా కడుక్కుపోతుంది.

మాగ్నెటిక్ పరీక్ష ఇంకా పదునైనది, పైపొర కింద కొద్ది లోతులో ఉన్న లోపాన్ని కూడా పట్టిస్తుంది. కానీ ఉక్కుకూ పోత ఇనుముకూ మాత్రమే పనికొస్తుంది, అల్యూమినియం రాకర్‌కూ ఎగ్జాస్ట్ వాల్వ్ తలకూ కాదు. బాలానగర్, చర్లపల్లి వైపు మెషిన్ షాపుల వాళ్లకు ఇది చేసిపెట్టే ల్యాబ్‌లు తెలుసు. బైక్ రాకర్ కోసం అంత దూరం పోవడం దండగ, కారు క్యామ్ షాఫ్ట్‌కైతే ఒకసారి చేయించడం మంచిదే. అయస్కాంతశక్తి తీసేసి ఇవ్వమని గట్టిగా అడగండి, లేకపోతే ఇంజన్‌లో ఇనుప రజను దానికే అంటుకుంటుంది.

దుకాణంలో ఒక మోసం మాత్రం గమనించండి. మెరుపు కోసం గాజు పూసలతోనో ఇసుకతోనో కొట్టించిన సామాను, వైర్ బ్రష్ పట్టించిన సామాను కొత్తదానిలా కనిపిస్తుంది. ఆ దెబ్బకు లోహపు పైపొర జరిగి పగులు నోరు మూసుకుపోతుంది, డై పరీక్ష కూడా దొరకబుచ్చుకోలేదు. నల్లటి ఆయిల్ మడ్డి అంటుకుని ఉన్నదే నిజాయితీగల సామాను. "ఏ ఇంజన్‌ది భాయ్ ఇది?" అంటే "కంపెనీ మాలే అన్నా, కళ్లు మూసుకుని తీస్కపో" అంటారు. కళ్లు మూసుకోకుండా, విడి ముక్కలకు బదులు మొత్తం హెడ్ అడగండి. కొంచెం ఎక్కువైనా క్యామ్, రాకర్‌లు, టాపెట్లు ఒకే ఇంట పెరిగినవి వస్తాయి, జతలు చెదరవు, క్యామ్ కూర్చునే చోట్ల గీతలు చూస్తే ఆ ఇంజన్‌కు ఆయిల్ ఎలా మార్చారో తెలిసిపోతుంది. అందులోంచి స్ప్రింగ్‌లూ ఎగ్జాస్ట్ వాల్వ్‌లూ తీసి పక్కన పడేసి, వాటి స్థానంలో కొత్తవి వేయించుకోండి. బేరంలో పదో పరకో తగ్గించమనే బదులు, "డై పరీక్షలో పగులు తేలితే రెండు రోజుల్లో వాపసు" అని బిల్లు మీద రాయించుకోండి.